పచ్చకామెర్లు – పసరు మందు – క్లోమగ్రంథి కాన్సరు

మన మగ్గాల ఇండ్లలో ఎవరికైనా కండ్లు పచ్చబడితే ముందుగా వెతికేది పసరు మందు పోసేవారిని. పసరు పోయించి, ఉప్పుకారాలు మాన్పించి, పది పదిహేను దినములు చూస్తారు. పడుచువారికి వచ్చే కామెర్లు చాలవరకు సూక్ష్మక్రిముల వలన కాలేయమునకు కలిగే వాపు. అది పలువురికి కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. పసరుకు వచ్చిన పేరు ఇందువలననే అని మా అభిప్రాయము. కాని యాభై ఏండ్లు దాటినవారికి జ్వరము, నొప్పి లేకుండా దినదినమూ ముదిరే కామెర్లు వేరు. అవి క్లోమగ్రంథిలో రాచపుండు, అనగా కాన్సరు, పుట్టుట వలన కావచ్చును.

క్లోమము జీర్ణకోశము వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా ఉండే ఆరంగుళాల గ్రంథి. అన్నము అరుగుటకు కావలసిన రసమును, రక్తములోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులినును ఇదియే తయారుచేయును. లోతున ఉన్నందున ఇందులో పుట్టిన గడ్డ చేతికి తగలదు. గ్రంథి తలభాగమున గడ్డ పుట్టినచో అది పక్కనే పోవు పైత్యనాళమును నొక్కును. పైత్యరసము పేగులోనికి దిగక రక్తములో కలియును. అప్పుడు కండ్లు పచ్చబడి, మూత్రము డికాక్షను రంగుకు తిరిగి, మలము తెల్లమన్నువలె పాలిపోయి, ఒళ్ళంతా దురద పుట్టును. ఒక విధముగా ఇది రోగి అదృష్టమే. గడ్డ చిన్నదిగా ఉండగానే గుర్తు దొరకవచ్చును. ఆ వారములను పసరుకు ధారపోయరాదు.

గ్రంథి నడిమి భాగమున, తోకభాగమున పుట్టిన గడ్డకు సాధారణముగా ఈ గుర్తు ఉండదు. పైకడుపులో నొప్పి పుట్టి వీపులోనికి పోవును. గుంటమగ్గములో కూర్చుండి నేసేవారికి వీపునొప్పి కొత్తది కాదు గనుక తైలము రాచుకొని ఊరకుందురు. పని ఆపితే తగ్గేది మగ్గపు నొప్పి. పండుకొన్నపుడు హెచ్చి, ముందుకు వంగితే కొంత తగ్గుతూ, ఆకలి చచ్చి మనిషి చిక్కిపోతుంటే డాక్టరుకు చూపవలెను. యాభై దాటిన తరువాత బరువు తగ్గుతూ కొత్తగా చక్కెరజబ్బు వచ్చినా ఇంతే. అమెరికాలో 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఆ వయస్సున కొత్తగా చక్కెరజబ్బు వచ్చినవారిలో నూటికి సుమారు ఒకరికి మూడేండ్లలోగా ఈ కాన్సరు బయటపడెను. కనుక అందరూ బెదరనక్కరలేదు. బీడీ, సిగరెట్టు కాల్చేవారు మాత్రము మరింత జాగ్రత్తగా ఉండవలెను.

అమెరికా లెక్కల ప్రకారము, గ్రంథి దాటక మునుపే కనుగొన్నచో నూటికి సుమారు 44 మంది అయిదేండ్లు బ్రతుకుచున్నారు. దూరపు అవయవములకు పాకిన తరువాత కనుగొన్నచో ముగ్గురే. గడ్డను కోసి తీసే పెద్ద ఆపరేషనును విప్పిల్ అనే డాక్టరు 1935లో ప్రకటించెను. నేటికీ దానికి వీలున్న స్థితిలో వచ్చేవారు అయిదుగురిలో ఒకరే.

మురుగమల్ల దర్గాలో మొక్కుకొనేవారు మొక్కుకొనవచ్చును. ఆ వారములోనే చింతామణి సర్కారు ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష, కడుపు స్కానింగు చేయించవలెను. పేగులలోని గాలి క్లోమమును మరుగుపరచును గనుక, స్కానింగులో ఏమీ లేదన్నా కామెర్లు తగ్గనిచో, మందు ఎక్కించి తీసే సి.టి. స్కాను సంగతి అడుగవలెను. బెంగళూరులో కిద్వాయి కాన్సరు ఆసుపత్రి 1973 నుండి ఉన్నది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్–ఆరోగ్య కర్ణాటక పథకము క్రింద బి.పి.ఎల్. కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యము దొరకును. సర్కారు డాక్టరు వ్రాసియిచ్చే రిఫరల్ చీటీ, రేషను కార్డు, ఆధారు కార్డు, పాత రిపోర్టులు వెంట తీసుకొని పోవలెను.