మన విమానం మద్రాసులో ఎక్కాలి

తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2015 అక్టోబరు 22న అమరావతి శంకుస్థాపనకు వచ్చిన ప్రధాని మోదీ అదే రోజు ఇక్కడికీ వచ్చి గరుడ టెర్మినల్‌ను ప్రారంభించారు. రాష్ట్ర విభజన చట్టంలోనూ విశాఖ, విజయవాడల పక్కన తిరుపతి పేరు రాసి పెట్టారు. హోదా ఉంది, బోర్డు ఉంది, సాక్షాత్తూ గరుత్మంతుడి పేరుంది. విదేశాలకు రోజూ పోయే విమానం మాత్రం లేదు. 2,286 మీటర్ల పాత రన్‌వే పెద్ద విమానాలకు చాలదని పొడిగింపు పనులు చేపట్టారు. నన్నడిగితే, అంతకంటే పెద్ద అడ్డంకి మద్రాసు. నూట నలభై కిలోమీటర్ల దూరంలో అంతటి విమానాశ్రయం ఉండగా ఏ విదేశీ సంస్థ పనిగట్టుకుని రేణిగుంటలో దిగుతుంది?

అందుకే పాత చిత్తూరు జిల్లావాళ్లం ఇప్పటికీ పక్క రాష్ట్రానికి పోయి విమానం ఎక్కుతాం. తిరుపతి, పుత్తూరు, నగరి వైపువాళ్లు తిరుత్తణి మీదుగా మద్రాసుకు పోతారు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం వాళ్లకు 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచాక బతుకు కాస్త సుఖమైంది. కోలారు దాటి హోస్కోట దగ్గర పక్కకు తిరిగితే బెంగళూరు ఊళ్లోకి పోకుండానే చేరొచ్చు. చిత్తూరు టౌనువాళ్లు టికెట్టు ఎటు చవకైతే అటు. గల్ఫ్‌కూ యూరప్‌కూ పోయే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి కాబట్టి సాయంత్రం దీపాలు పెట్టే వేళకే ఇల్లు కదలాలి. మొగిలి ఘాట్‌లో ఒక లారీ ఆగిపోయిందంటే చాలు, కారులో ఉన్నవాళ్లందరూ దేవుళ్ల పేర్లు వరసగా తలుచుకుంటారు. టికెట్టు ధర చూసి లెక్క వేసుకునేవాళ్లు కారు బాడుగ, డ్రైవరు బత్తా, దారిలో టిఫిన్లు, సాగనంపడానికి వెంటవచ్చే పెదనాయన కుటుంబం ఖర్చు కలపరు. కలిపితే ఆ చవక టికెట్టు చవక కాదు.

టికెట్టులోనూ మనకు కనబడని ముక్కలున్నాయి. ఎకానమీ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతం. విమానాశ్రయం వాళ్ల యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వేరు. భద్రత రుసుము 2021 ఏప్రిల్ నుంచి దేశంలో తిరిగేవాళ్లకు 200 రూపాయలు, విదేశాలకు పోయేవాళ్లకు 12 డాలర్లు. విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు, ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటున వ్యాట్ వేసుకుంటుంది. వీటిలో ఏదీ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది, దాన్నే మనవాళ్లు పోగొట్టుకుంటారు. అమెరికా నుంచి వచ్చేవాళ్లకు చాలా సంస్థలు ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి. హైదరాబాదులో దిగి అక్కడినుంచి రేణిగుంటకు వేరే టికెట్టు కొంటే ఆ చిన్న విమానంలో మామూలుగా పదిహేను కిలోలే. మిగిలిన ముప్పై ఒక్క కిలోలకు కిలో లెక్కన కట్టాలి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే సాధారణంగా పెద్ద టికెట్టు లెక్కే చివరిదాకా నడుస్తుంది. నాలుగు డాలర్లు ఎక్కువైనా అలా కొనడమే మేలు.

ఇక తిరుగు ప్రయాణపు పెట్టె. చెనక్కాయల పొడి, నిప్పట్లు, అత్తిరసాలు, మురుకులు, ఊరగాయ, ఇవన్నీ స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి తూచాక అమ్మ చివర్లో మూలన దోపేది ఎండుకొబ్బెర. పట్టుబడేది అదే. దానిలో నూనె ఎక్కువ, గాలాడని చోట కుప్పగా ఉంటే తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానయానంలో దాన్ని ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. తిరుమల కొండమీద కొట్టిన కొబ్బరికాయ చిప్పలు ఎండబెట్టి ప్రసాదంగా తీసుకుపోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. కరివేపాకు సంగతి ఇంకా బాధాకరం. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీదా బతుకుతుంది కాబట్టి అమెరికాలోకి పచ్చి ఆకు రానివ్వరు. కాలిఫోర్నియా, ఫ్లోరిడా రైతుల భయం అర్థం చేసుకోదగిందే. మామిడిపండ్లూ అంతే. 2007 నుంచి మన మామిడి అమెరికాకు పోతున్నా, రేడియేషన్ శుద్ధి జరిగి తనిఖీ ముద్ర పడ్డ పెట్టెలే పోతాయి, మన సూట్‌కేసులోది చెత్తబుట్టకే. చిత్తూరు తోతాపురి గుజ్జు మాత్రం డబ్బాల్లో ఓడలెక్కి దేశాలు తిరుగుతోంది. దుబాయ్ వైపు పోయేవాళ్లకు ఒక హెచ్చరిక: గసగసాలు అక్కడ మాదకద్రవ్యాల కిందకు వస్తాయి. మసాలా పొట్లంలో కలిసిపోయినా జైలు మాటే. శ్రీవారి లడ్డుకు ఇలాంటి చిక్కులు తక్కువ. 175 గ్రాముల చిన్న లడ్డయినా, పెద్ద కల్యాణోత్సవం లడ్డయినా, దాచకుండా డిక్లేర్ చేస్తే సరి.

విమానం అంటే అమెరికానే అనుకునే అలవాటు మన ప్రవాస సంఘాల సంచికలకు ఉంది. మద్రాసులో కువైట్ విమానం వరసలో నిలబడి చూడండి. రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు ఆడవాళ్లు ఎంతమందో. పదో తరగతి దాటనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాళ్లు కువైట్‌లాంటి దేశాల్లో పనికి పోవాలంటే ప్రవాసుల సంరక్షణ అధికారి అనుమతి కావాలి, ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు అది ఇవ్వరు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, ప్రమాదంలో పోతే కుటుంబానికి పది లక్షలు. ఏజెంటు ఈ మాట చెప్పడు, టూరిస్టు వీసా మీద దాటించేస్తాడు. మన సంఘాలు సాంస్కృతిక కార్యక్రమాలకు పెట్టే శ్రద్ధలో కొంత ఇటు పెడితే బాగుంటుంది.

సుఖం లేదా అంటే, ఉంది. 2015 జులై 12న ట్రూజెట్ తన తొలి విమానాన్ని హైదరాబాదు నుంచి తిరుపతికే నడిపింది. సంస్థ మూతబడింది కానీ, రాత్రంతా రైల్లో నలిగే ప్రయాణం ఒక గంటకు తగ్గగలదని చాలామందికి రుచి చూపించింది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం తొలి విమానాల్లో ఒకటి కడపకు పోయింది, గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్న పరిమితితో. పగటిపూట రేణిగుంటలో దిగుతుంటే శేషాచలం వరస కిటికీలోకి వచ్చేస్తుంది. విమానంలో సగం మంది చెంపలు వేసుకుంటారు, ఎయిర్‌హోస్టెస్ బెల్టు పెట్టుకోమని బతిమాలుతూనే ఉంటుంది.

అదే రన్‌వే మీద సినిమావాళ్ల, వ్యాపారుల సొంత విమానాలూ వాలుతుంటాయి. కొండమీదికి మాత్రం వాళ్లకూ రోడ్డే. ఆనందనిలయం మీదుగా ఏదీ ఎగరకూడదన్నది ఆగమం మాట. ఆ ప్రాంతాన్ని నో-ఫ్లై జోన్ చేయమని తితిదే 2025లో కూడా కేంద్రాన్ని అడిగింది. కోట్ల జెట్టు దిగినవాడైనా అలిపిరి తనిఖీలో వరసలో ఆగి, ఘాట్ రోడ్డు మీదుగానే కొండ ఎక్కాలి. విమానంలో వచ్చినవాళ్లకోసం రేణిగుంటలోనే శ్రీవాణి టికెట్ల కౌంటరు పెట్టారు, పదివేల విరాళానికి బ్రేక్ దర్శనం. బోర్డింగ్ పాసు చూపించాలి. ప్రవాసులకు ఇంకో దారి ఉంది: దేశంలో దిగిన నెలలోపు కొండమీద సుపథం ద్వారం దగ్గర అసలు పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ ముద్ర చూపిస్తే 300 రూపాయల దర్శనం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు తితిదే వెబ్‌సైటు చూసుకోండి. ముద్ర స్పష్టంగా పడిందో లేదో ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరే చూసుకోండి, మసగ్గా ఉంటే మళ్లీ వేయించుకోండి. ఆ ముద్ర రేణిగుంటలో వేయరు. దానికోసం ముందు మద్రాసులోనో బెంగళూరులోనో హైదరాబాదులోనో దిగాల్సిందే.