స్పోర్ట్స్ కారు అడుగు పలక: అపోహలు – వాస్తవాలు

స్పోర్ట్స్ కారు ముందు బంపరు అంచు నుంచి రేడియేటర్ అడుగు దాకా, కొన్ని కార్లలో ఇంజిన్ కింద దాకా పరుచుకుని ఉండే పలుచని ప్లాస్టిక్ పలకను అండర్‌ట్రే అంటారు. చాలామంది లెక్కలో ఇది బురద చిందకుండా ఆపే రేకు, అంతే. ఆయిల్ మార్చేటప్పుడు దాన్ని ఊడదీస్తారు. క్లిప్పులు విరుగుతాయి, కొత్తవి దొరకవు, పలక షెడ్డులో ఓ మూలకు చేరుతుంది. కొన్నాళ్లకు కారు హైవే మీద వేడెక్కడం మొదలవుతుంది. అప్పుడు థర్మోస్టాట్ మారుస్తారు, వాటర్ పంప్ మారుస్తారు, చివరికి రేడియేటర్ కూడా మార్చేస్తారు. పలక సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. 1991 చివర నుంచి 2002 దాకా తయారైన మూడో తరం మాజ్దా ఆర్ఎక్స్-7, మాజ్దా ఎంఎక్స్-5, 1997–2004 మధ్య వచ్చిన షెవ్రొలే కార్వెట్ సీ5 కార్ల విషయంలో ఈ కథ పదే పదే జరుగుతూ వచ్చింది.

అపోహ: పలక తీసేస్తే కింద నుంచి గాలి తగిలి ఇంజిన్ చల్లబడుతుంది

ఇంజిన్ వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం రేడియేటర్. ఇంజిన్ బయటి గోడలకు తగిలే గాలి తీసుకుపోయే వేడి దానితో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి అసలు ప్రశ్న కారు కింద ఎంత గాలి ఆడుతోందని కాదు, రేడియేటర్ రెక్కల మధ్య నుంచి ఎంత గాలి దూరి వెళుతోందని.

గాలి అలా వెళ్లాలంటే రేడియేటర్ ముందు పీడనం ఎక్కువగా, వెనక తక్కువగా ఉండాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ముక్కుకు గాలి ఎదురుగా కొట్టుకుని ఆగిపోయే చోట, పీడనం చుట్టుపక్కల గాలి కన్నా సుమారు 460 పాస్కల్స్ ఎక్కువ ఉంటుంది. ఇది మామూలు వాతావరణ పీడనంలో అర శాతం కూడా కాదు. వేగం సగానికి తగ్గితే ఆ కాస్తా నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత కొద్దిపాటి తేడాతోనే గాలి ఏసీ కండెన్సర్‌నూ రేడియేటర్‌నూ వరసగా దాటాలి. పక్కన ఎక్కడైనా సులువైన దారి కనబడితే అది రెక్కల జోలికి రాదు.

ఆర్ఎక్స్-7 ముక్కు బాగా కిందికి ఉంటుంది, రేడియేటర్ ఏటవాలుగా పడుకుని ఉంటుంది. దాని ముందున్న ఖాళీకి అండర్‌ట్రేయే నేల. ఆ నేల లేకపోతే బంపరు నోట్లోకి వచ్చిన గాలి రేడియేటర్‌ను తప్పించుకుని కిందికి జారిపోతుంది. రెండో నష్టం ఇంకా పెద్దది. కారు కింద పరుగెత్తే గాలి ఇంజిన్ గదిలోకి ఎగదన్ని రేడియేటర్ వెనక పీడనాన్ని పెంచుతుంది. ముందు తగ్గి, వెనక పెరిగి, రెండు వైపులా తేడా కరిగిపోతుంది.

ఈ కారులో ఆ నష్టం ఎందుకంత ఖరీదైనదో తెలియాలంటే ఇంజిన్‌ను చూడాలి. 1,308 సీసీల 13బీ రోటరీ ఇంజిన్‌కు రెండు టర్బోలున్నాయి. రోటర్ తిరిగే గదుల గోడలు అల్యూమినియంవి, వాటి మధ్య పలకలు పోత ఇనుముతో చేసినవి. పొడవాటి బోల్టులు ఈ పొరలన్నింటినీ కలిపి బిగిస్తాయి, పొరల మధ్య కూలెంట్‌ను సన్నని సీళ్లు ఆపుతాయి. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఒక్కసారి గట్టిగా వేడెక్కినా సీలు నలిగి కూలెంట్ లోపలికి కారవచ్చు. ఆ సీలు మార్చడానికి ఇంజిన్ మొత్తం దించి, పొర పొరా విప్పాలి.

అపోహ: ట్రాఫిక్‌లో వేడెక్కని కారు హైవే మీద వేడెక్కదు

నెమ్మదిగా పోయేటప్పుడు గాలిని లాగేది ఫ్యాన్. వేగం పెరిగాక ఫ్యాన్ పాత్ర దాదాపు ఉండదు, గాలి ఒరవడే పని చేస్తుంది. అందుకే ఈ రెండు సందర్భాల్లో లోపాలు వేరు. సిగ్నల్ దగ్గర టెంపరేచర్ గేజ్ ముల్లు పైకి పోయి, కదిలితే దిగివస్తే ఫ్యాన్‌నో దాని రిలేనో అనుమానించాలి. ఊళ్లో చల్లగా ఉండి, హైవే మీద వేగంతోపాటే వేడి పెరుగుతూ, వేగం తగ్గించగానే దిగివస్తే ముందు గాలి దారిని చూడాలి. పూడిపోయిన రేడియేటర్, అరిగిన పంప్, లోపలికి నొక్కుకుపోయే మెత్తబడ్డ కింది హోస్ కూడా అదే లక్షణం చూపిస్తాయి కాబట్టి వాటినీ పరీక్షించాలి. అయితే కారు కిందికి తొంగిచూసి పలక ఉందో లేదో తెలుసుకోవడానికి నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు. మొదట చేయాల్సింది అదే.

కార్వెట్ సీ5 ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. ఆ కారు రేడియేటర్‌కు గాలి ముక్కు మీది గ్రిల్ నుంచి రాదు, ప్రధానంగా బంపరు కింద నుంచి వస్తుంది. రేడియేటర్ అడుగున నేలవైపు వేలాడే మెత్తని అడ్డుపట్టీ ఉంటుంది. అది కింద పోయే గాలిని ఆపి పైకి మళ్లిస్తుంది, తన వెనక పీడనాన్ని తగ్గిస్తుంది. పేవ్‌మెంట్ అంచులకు రాసుకుని అరిగిపోయే భాగం కూడా అదే. అది ఊడిపోయిన కారు వంద దాటగానే వేడెక్కడం మామూలే. కింద నుంచి గాలి పీల్చే ఈ అమరికకు ఇంకో ఇబ్బంది ఉంది: రోడ్డు మీది ఆకులు, ప్లాస్టిక్ సంచులు కూడా పైకి ఎగిరి కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చిక్కుకుంటాయి. పైనుంచి చూస్తే అవి కనబడవు, రేడియేటర్‌ను కాస్త వెనక్కి వంచితేనే బయటపడతాయి.

అపోహ: ముల్లు మధ్యలో ఉందంటే అంతా బాగున్నట్టే

చాలా కార్ల టెంపరేచర్ గేజ్‌ను చిన్న చిన్న మార్పులకు ముల్లు కదలకుండా తయారుచేస్తారు. ఎంఎక్స్-5 కూడా ఇందులో ఒకటి. ముల్లు కదిలే సమయానికి కూలెంట్ ప్రమాదకరమైన వేడికి దగ్గరపడి ఉంటుంది. డిగ్రీల్లో చూపించే విడి మీటరు పెట్టుకోవడం మంచిది.

అపోహ: పెద్ద రేడియేటర్ వేస్తే పలక అక్కర్లేదు

మందమైన రేడియేటర్ గాలిని ఇంకా ఎక్కువ అడ్డుకుంటుంది. దానికి కావలసిన పీడనం తేడా కూడా ఎక్కువ. ఆ తేడాను నిలబెట్టే పలకే లేనప్పుడు గాలి మరింతగా పక్కదారి పడుతుంది. డబ్బు పెట్టినా ఫలితం ఆశించినంత రాదు.

వాతావరణం వేడిగా ఉంటే తప్పులకు చోటు ఇంకా తగ్గుతుంది. కూలెంట్ 95 డిగ్రీలు, బయటి గాలి 25 డిగ్రీలు అయితే మధ్య తేడా 70. తెలుగు రాష్ట్రాల్లో మే నెలలో మాదిరి గాలే 45 డిగ్రీలుంటే తేడా 50కి పడిపోతుంది. అంతే గాలితో రేడియేటర్ వదిలించే వేడి దాదాపు 30 శాతం తగ్గిపోతుందన్నమాట. చలికాలంలో పలక లేకుండా నెట్టుకొచ్చిన కారు ఎండాకాలంలో మొరాయించడానికి కారణం ఇదే.

అపోహ: ఏ రేకు ముక్క అయినా కట్టేస్తే సరి

కంపెనీ పలక దొరికితే అదే మేలు, దాని వంపులూ రంధ్రాలూ కారుకు సరిగ్గా సరిపోతాయి. పాత మోడళ్లకు అది దొరకనప్పుడు చేయించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ పద్ధతి ఉంది.

ముందు అట్టపెట్టె ముక్కతో నమూనా కోసుకోవాలి. కారును జాక్ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలిపి, బంపరు లోపలి అంచు నుంచి రేడియేటర్ కింది దూలం దాకా అట్టను ఆనించి, ఉన్న బోల్టు రంధ్రాల గుర్తులు పెట్టాలి. చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు తగలడం లేదని చూసుకోవాలి.

పలకకు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటు బాగా పనికొస్తుంది. అంచులను అంగుళం మేర మడిస్తే బిగువు వచ్చి, గాలికి దడదడలాడదు. ప్లాస్టిక్ అయితే రేడియేటర్ ముందు భాగానికి పాలీప్రొపిలీన్ చాలు. ఇంజిన్ కిందికి, ముఖ్యంగా ఎగ్జాస్ట్ గొట్టం దగ్గరికి ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. దుకాణాల బోర్డులకు వాడే, రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు చూడ్డానికి లోహంలా ఉన్నా ఎగ్జాస్ట్ వేడికి లోపలి పొర మెత్తబడుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది.

రెండు ముక్కలుగా చేస్తే అతుకు దగ్గర జాగ్రత్త అవసరం. ముందు ముక్క వెనక అంచు కింద ఉండాలి, వెనక ముక్క మొదలు దాని పైన దాగి ఉండాలి. ఇంటి కప్పు మీద పెంకులు వాన దిశ చూసి పేర్చినట్టే ఇక్కడ గాలి దిశ చూసి పేర్చాలి. తిరగేసి బిగిస్తే ఎదురుగాలి అంచును పట్టుకుని పలకను చించి పారేస్తుంది.

ఆయిల్ డ్రెయిన్ బోల్టుకూ ఫిల్టర్‌కూ ఎదురుగా విప్పుకునే మూత ఉంచాలి. లేదంటే ఆయిల్ మార్చిన ప్రతిసారీ పలక ఊడదీయాలి, మళ్లీ పాత కథే. నీరూ ఆయిలూ నిలవకుండా అన్నింటికన్నా పల్లపు చోట చిన్న రంధ్రాలు వేయాలి. పలకలో పేరుకున్న ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ పక్కన మంటకు కారణం కాగలదు. అలాగని చల్లదనం కోసం పలక నిండా రంధ్రాలు చేస్తే పలక పెట్టిన ప్రయోజనమే పోతుంది.

ఆక్సెసరీ దుకాణాల్లో ఇంజిన్ గార్డ్ పేరుతో అమ్మే మందపాటి ఇనుప పలక దీనికి బదులు కాదు. అది రాళ్ల దెబ్బ నుంచి ఆయిల్ సంప్‌ను కాపాడేది. బంపరుకూ రేడియేటర్‌కూ మధ్య సందును చాలా గార్డులు మూయనే మూయవు.

అపోహ: అడుగు ఎంత మూస్తే అంత మంచిది, ఏ కారుకైనా

రేడియేటర్ దాటి వచ్చిన వేడి గాలి ఎక్కడో ఒకచోట బయటికి పోవాలి. ఇంజిన్ గదిని కింద నుంచి పూర్తిగా మూసి, బానెట్ మీద గానీ చక్రాల గూళ్లలో గానీ దారి ఇవ్వకపోతే గాలి లోపలే కిక్కిరిసి వెనక పీడనం పెరుగుతుంది. రేస్ కార్లు అడుగును చదునుగా మూసేటప్పుడు బానెట్‌లో గండ్లు పెట్టేది ఇందుకే.

గాలితో చల్లబడే పోర్షే 911ల సంగతి పూర్తిగా వేరు. 1989–94 మధ్య వచ్చిన 964 మోడల్‌లో ఇంజిన్ వెనక ఉంటుంది. ఫ్యాన్ పైనుంచి గాలిని లాగి సిలిండర్ల రెక్కల మీదుగా కిందికి తోస్తుంది. చప్పుడు నిబంధనల కోసం ఇంజిన్ కింద అమర్చిన పలక సరిగ్గా ఆ గాలి బయటికి పోయే దారికి అడ్డం పడుతుంది. అందుకే వేడి ప్రాంతాల్లో చాలామంది యజమానులు దాన్ని తీసేస్తారు. ఆ పని అక్కడ సమంజసమే. 911లో పలక తీస్తే లాభమని విని ఆర్ఎక్స్-7లో తీసేయడమే పొరపాటు. ఒకచోట పలక గాలిని లోపలికి నడిపిస్తుంది, ఇంకోచోట బయటికి పోనివ్వదు.

అపోహ: పలక పనిచేస్తోందో లేదో విండ్ టన్నెల్ ఉంటేనే తెలుస్తుంది

సన్నని పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి, సగం దాకా రంగు నీళ్లు పోసి స్కేలు పక్కన అతికిస్తే చాలు. ఒక కొసను రేడియేటర్ ముందుకు, ఇంకో కొసను వెనకకు తీసుకెళ్లాలి. కొసల నోళ్లు గాలికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి ఉండాలి. ఖాళీ రోడ్డు మీద డ్రైవర్ వేగం నిలకడగా ఉంచితే, పక్కన కూర్చున్న మనిషి రెండు వైపుల నీటి మట్టాల తేడా చదవాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ముక్కు దగ్గరి పూర్తి పీడనం 47 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. రేడియేటర్ దగ్గర కనిపించేది మామూలుగా దానికన్నా తక్కువే ఉంటుంది. అదే రోడ్డు, అదే వేగం, పలక లేకుండా ఒకసారి, బిగించి ఒకసారి చూడాలి. తేడా పెరిగితే పలక తన పని చేస్తున్నట్టు. పెరగకపోతే గాలి రేడియేటర్ పక్కల నుంచో పైనుంచో తప్పించుకుంటోంది. ఆ సందుల్లో ఫోమ్ పట్టీలు అతికించి మళ్లీ కొలవాలి.