కంటి కురుపుకి కాపడమే మందు

పొద్దున లేచేసరికి కంటి రెప్ప బరువుగా ఉంటుంది. రెప్ప అంచు ఎర్రగా వాస్తుంది. ముట్టుకుంటే నొప్పి. నీరు కారుతుంది. కంట్లో ఇసుక పడ్డట్టు ఉంటుంది. దీన్నే కంటి కురుపు అంటారు.

ఇది పిల్లలకూ వస్తుంది, పెద్దలకూ వస్తుంది. "దిష్టి తగిలింది" అంటారు కొందరు. "చూడరానిది చూసింది" అని ఎగతాళి చేస్తారు ఇంకొందరు. ఈ మాటల్లో నిజం లేదు.

కురుపు ఎందుకు లేస్తుంది?

కనురెప్ప వెంట్రుకల దగ్గర చాలా చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో నూనెలాంటి జిడ్డు ఊరుతుంది. ఒక్కోసారి గ్రంథి మూతి పూడుకుపోతుంది. అందులో సూక్ష్మక్రిములు చేరతాయి. వాపు వస్తుంది, చీము పడుతుంది. అదే కురుపు.

ఈ క్రిములు చాలామంది చర్మం మీద, ముక్కులో ఉంటాయి. మురికి చేత్తో కళ్లు నులుముకుంటే అవి రెప్పకి చేరతాయి. చీర కొంగు సంగతే చూడండి. పని చేసిన చేతులు కొంగుకే తుడుస్తాం. బిడ్డ ముక్కూ ఆ కొంగుతోనే తుడుస్తాం. మళ్లీ అదే కొంగుతో కళ్లు తుడుచుకుంటాం.

కాపడం ఎలా పెట్టాలి?

1. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.
2. నీళ్లు మరగబెట్టాలి. గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చాలి.
3. ఉతికిన మెత్తని నూలుగుడ్డ తీసుకోవాలి. నీళ్లలో ముంచి పిండాలి.
4. గుడ్డని ముంజేతి లోపలి వైపు ఆనించి చూడాలి. అక్కడ కాలితే రెప్పకీ కాలుతుంది.
5. కన్ను మూసుకుని గుడ్డని రెప్ప మీద పెట్టాలి. చల్లారితే మళ్లీ ముంచి పెట్టాలి.
6. ఇలా 10 నిమిషాలు చేయాలి. రోజుకి 3, 4 సార్లు చేయాలి.

వేడికి గట్టిపడ్డ జిడ్డు కరుగుతుంది. పూడిన మూతి తెరుచుకుంటుంది. చీము దానంతట అదే బయటికి వస్తుంది. చాలా కురుపులు వారం రోజుల్లో ఇలాగే తగ్గిపోతాయి. పైసా ఖర్చు లేదు. వాడిన గుడ్డని వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఆ గుడ్డని ఇంకొకరు వాడకూడదు.

ఏమి చేయకూడదు?

కురుపుని చిదమకూడదు. సూదితో గుచ్చకూడదు. చిదిమితే క్రిములు చుట్టూ పాకుతాయి. రెప్పంతా వాస్తుంది.

ఆకు పసరు, చనుబాలు, సున్నం, వెల్లుల్లి కంటికి తగలనివ్వకూడదు. వీటివల్ల నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. పుండు మానినా పువ్వు మిగిలిపోవచ్చు. చూపే పోవచ్చు. వారంలో పోయే కురుపు కోసం కన్ను పోగొట్టుకుంటామా?

మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చి వేయకూడదు. డాక్టరు చూసి రాసిన మందే వాడాలి.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

- 2, 3 రోజులు కాపడం పెట్టినా నొప్పి, వాపు పెరుగుతుంటే
- వారం దాటినా తగ్గకపోతే
- వాపు రెప్పంతా పాకినా, చెంపకి దిగినా
- జ్వరం వచ్చినా, చూపు మసకబారినా, కనుగుడ్డు తిప్పితే నొప్పి పుట్టినా

వాపుతో పాటు జ్వరం ఉంటే, చూపు తగ్గితే ఆ రోజే వెళ్లాలి. పసిపిల్లల విషయంలో అసలు ఆలస్యం చేయకూడదు. కురుపులు మాటిమాటికీ లేస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకి కురుపులు తొందరగా లేస్తాయి.

ఒక్కోసారి నొప్పి పోయి గట్టి గడ్డ మిగిలిపోతుంది. అదీ డాక్టరుకి చూపించాలి.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

పొలం నుంచి, పని నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే మొహం కడగాలి. కళ్లు తుడుచుకోవడానికి విడిగా ఒక గుడ్డ పెట్టుకోవాలి. ఒకరి తువ్వాలు ఒకరు వాడకూడదు.

చాలా ఇళ్లలో ఇంటిల్లిపాదికీ ఒకటే కాటుక డబ్బా. ఒకరి కంటి క్రిములు ఇంకొకరి కంటికి చేరేది ఇలాగే. కురుపు ఉన్నప్పుడు కాటుక మానేయాలి. పాత కాటుక పారేయాలి. పసిపిల్లల కళ్లకి కాటుక పెట్టకపోవడమే మేలు. రాత్రి పడుకునే ముందు కాటుక కడిగేసుకోవాలి.

ఆలోచించండి - చెప్పండి

1. మీ ఇంట్లో కాటుక డబ్బా ఎంతమంది వాడతారు?
2. కాపడం గుడ్డని ముందు ముంజేతికి ఎందుకు ఆనించాలి?
3. కురుపుకి పసరు పోస్తామంటే ఏమని చెబుతారు?