భాగం 9: వాన బీమా పాఠం – బీమా మార్కెట్లు, వాటి నియంత్రణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• బీమా మార్కెట్లలో సమాచార సమస్య ఎలా తలెత్తుతుందో వివరించగలుగుతారు.
• వర్షపాత సూచీ బీమా పనిచేసే తీరును లెక్కతో సహా చెప్పగలుగుతారు.
• మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో జరిగిన పరిశోధనల ఫలితాలను విశ్లేషించగలుగుతారు.
• బీమా నియంత్రణ ఏం చేయగలదో, దాని పరిమితులేమిటో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

అంగట్లో బియ్యం కొనేటప్పుడు మీరు సంచి విప్పి గింజను చేతిలోకి తీసుకుని చూస్తారు. బీమా కొనేటప్పుడు అలా చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఇవాళ డబ్బు కడతారు, నష్టం జరిగితే రేపు చెల్లిస్తామన్న మాట ఒకటి కొనుక్కుంటారు. ఆ మాట మంచిదో కాదో నష్టం జరిగిన నాడే తెలుస్తుంది. అప్పటికి మరో కంపెనీని ఎంచుకునే వీలుండదు. ఇతర వస్తువుల మార్కెట్లకూ బీమా మార్కెట్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఈ తేడాను అర్థం చేసుకోవడానికి మనకు దగ్గర్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాత బీమాను అమ్మాయి. మొదటి ఏడాది కొన్నవారు 200 మందికి కాస్త పైన. ఆ తరవాత అనేకమంది ఆర్థికవేత్తలు ఈ బీమాను అధ్యయనం చేశారు. వానపై ఆధారపడిన మెట్ట రైతుకు వాన బీమా కంటే అవసరమైనది ఉంటుందా? అయినా ఎక్కువమంది ఎందుకు కొనలేదు? ఈ భాగంలో మన ప్రశ్న ఇదే.

9.2 సమాచార సమస్య: సిద్ధాంతం

బీమా మార్కెట్ ఎందుకు విఫలమవుతుందన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రం మొదట ఇచ్చిన సమాధానం సమాచారానికి సంబంధించినది. కెన్నెత్ ఆరో 1963లో వైద్య సేవల మీద రాసిన వ్యాసంలో, ఖర్చును బీమా భరిస్తున్నప్పుడు మనుషుల ప్రవర్తన మారుతుందని చర్చించాడు. దీన్ని నైతిక విపత్తు అంటారు. జార్జ్ అకెర్లాఫ్ 1970లో, మైకేల్ రాత్‌షైల్డ్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1976లో మరో సమస్యను విశ్లేషించారు. తన నష్టభయం ఎంతో కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలియదు. సగటు ప్రీమియం పెడితే ఎక్కువ నష్టభయం ఉన్నవారే ముందుకు వస్తారు, తక్కువ ఉన్నవారు తప్పుకుంటారు. దాంతో ప్రీమియం పెంచవలసి వస్తుంది, మరికొందరు తప్పుకుంటారు. దీని పేరు ప్రతికూల ఎంపిక.

ఈ రెండింటినీ పంట బీమాకు అన్వయించి చూడండి. ఒక్కొక్క రైతు పంట నష్టాన్ని విడిగా లెక్కగట్టి చెల్లిస్తే, బీమా ఉంది కదా అని కలుపు తీయడంలో అశ్రద్ధ చేయవచ్చు. ఇది నైతిక విపత్తు. చవిటి నేల ఉన్నవారే బీమాకు ఎగబడవచ్చు. ఇది ప్రతికూల ఎంపిక. వీటికి తోడు ప్రతి చేనుకూ మనిషిని పంపి నష్టం అంచనా వేయించడం చాలా ఖర్చుతో కూడిన పని. రెండెకరాల చేనుకు వచ్చే ప్రీమియం ఆ మనిషి ప్రయాణ ఖర్చుకు కూడా చాలదు.

9.3 వర్షపాత సూచీ: ఒక పరిష్కారం

చేను బదులు వానను కొలిస్తే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన కొత్తది కాదు. మైసూరు సంస్థానంలో పనిచేసిన జె.ఎస్. చక్రవర్తి 1920లోనే వర్షపాతం ఆధారంగా వ్యవసాయ బీమా పథకాన్ని ప్రతిపాదించాడు. వానను రైతు పెంచలేడు, తగ్గించలేడు. కనుక నైతిక విపత్తు ఉండదు. కురవబోయే వాన గురించి రైతుకు కంపెనీ కంటే ఎక్కువేమీ తెలియదు. కనుక ప్రతికూల ఎంపిక చాలావరకు తగ్గుతుంది. చేనుకు ఎవరూ వెళ్లనక్కర లేదు, వర్షమాపకం చూస్తే చాలు.

మహబూబ్‌నగర్‌లో అమ్మిన తరహా పాలసీలు ఖరీఫ్‌ను మూడు దశలుగా విభజించాయి. మొదటి రెండు దశల్లో వాన తక్కువైతే, కోత దశలో వాన ఎక్కువైతే చెల్లింపు ఉంటుంది. లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఒక దశలో పై పరిమితి 70 మి.మీ., కింది పరిమితి 10 మి.మీ. అనుకోండి. వర్షపాతం 70 కంటే తగ్గిన ప్రతి మిల్లీమీటరుకు రూ. 10 చెల్లిస్తారు. 10 కంటే తక్కువ పడితే పంట పోయినట్లే భావించి మొత్తం రూ. 1,000 ఇస్తారు.

• 75 మి.మీ. కురిస్తే: చెల్లింపు లేదు.
• 40 మి.మీ. కురిస్తే: (70 – 40) × 10 = రూ. 300.
• 6 మి.మీ. కురిస్తే: రూ. 1,000.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పై పాలసీలో 55 మి.మీ. వర్షం కురిస్తే చెల్లింపు ఎంత?
(జవాబు: రూ. 150)

9.4 రైతులు ఎందుకు కొనలేదు? పరిశోధన ఫలితాలు

సిద్ధాంతం చెప్పిన రెండు జబ్బులకూ మందు దొరికింది కదా, ఇక రైతులు పెద్ద సంఖ్యలో కొనాలి. అలా జరగలేదు. జేవియర్ జీనే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల గ్రామాల్లో సర్వే చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. కొననివారు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి రెండు: పాలసీ అర్థం కాలేదు, చేతిలో డబ్బు లేదు. ప్రీమియం కట్టవలసింది విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావలసిన రోజుల్లోనే అన్న సంగతి గుర్తుంచుకోండి.

ఈ సర్వేలో మరో ఫలితం మీద మీరు ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. నష్టానికి ఎక్కువగా భయపడేవారు బీమా ఎక్కువగా కొంటారని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడ ఎక్కువగా భయపడేవారే తక్కువగా కొన్నారు. ముఖ్యంగా అమ్ముతున్న సంస్థతో పరిచయం లేనివారిలో ఇది కనిపించింది. తరగతిలో ఈ ఫలితం చెప్పినప్పుడు రైతు కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు ఆశ్చర్యపోయేవారు కాదు. తెలియని కంపెనీకి ముందుగా డబ్బు కట్టడం వారి దృష్టిలో నష్టభయాన్ని తగ్గించుకోవడం కాదు, మరొకటి కొని తెచ్చుకోవడం.

తరవాత షాన్ కోల్, జెరెమీ టొబాక్‌మన్, పేటియా టొపలోవా కూడా ఈ బృందంతో కలిసి ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో క్షేత్ర ప్రయోగాలు జరిపారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో కొన్ని ఇళ్లకు బీమా గురించి చెప్పే వ్యక్తిని పంపారు. ఏ ఇంటికి ఏ పద్ధతి అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. అందువల్ల కారణాన్నీ ఫలితాన్నీ స్పష్టంగా విడదీసి చూడవచ్చు.

1. నగదు: కొన్ని ఇళ్లకు రూ. 25, కొన్నింటికి రూ. 100 బహుమతిగా ఇచ్చారు. పెద్ద మొత్తం అందుకున్నవారిలో కొనుగోళ్లు బాగా పెరిగాయి.
2. నమ్మకం: గ్రామస్థులకు తెలిసిన సూక్ష్మరుణ సంస్థ ప్రతినిధి వచ్చి, ఈ వ్యక్తి మనవాడేనని చెప్పినచోట ఆ సంస్థతో పరిచయమున్న కుటుంబాలు ఎక్కువగా కొన్నాయి.
3. ధర: ధర తగ్గితే కొనుగోళ్లు పెరిగాయి. అయినా, ధరను ఎంత న్యాయంగా నిర్ణయించినా అందరూ కొంటారని చెప్పలేమని పరిశోధకులు నిర్ధారించారు.

ఇక్కడ ధర గురించి ఒక మాట. గత సంవత్సరాల వర్షపాత లెక్కలతో ఈ పాలసీలను పరీక్షించినప్పుడు, సగటున ప్రీమియంలో సుమారు 30 శాతమే చెల్లింపుల రూపంలో తిరిగి వస్తుందని తేలింది. దాదాపు 11 శాతం దశల్లో మాత్రమే ఏదో ఒక చెల్లింపు ఉంటుంది. తీవ్రమైన కరవు వచ్చినప్పుడు మాత్రం కట్టినదానికి అనేక రెట్లు వస్తుంది. అంటే నాలుగైదు దశలకు వరసగా కొన్న రైతుకు ఒక్క రూపాయి కూడా రాకపోవచ్చు. ఆ రైతు దీన్ని మోసమని అనుకుంటే ఆయన్ను తప్పుపట్టడం కష్టం.

9.5 వర్షమాపకానికీ చేనుకూ మధ్య దూరం

గట్టుకు ఇవతల వాన, అవతల ఎండ కావడం మెట్ట ప్రాంతంలో కొత్త కాదు. వర్షమాపకం ఉన్నచోట 72 మి.మీ. కురిసి, మీ చేలో 30 మి.మీ. మాత్రమే కురిస్తే? పంట ఎండుతుంది, పై పాలసీ ప్రకారం మీకు ఏమీ రాదు. సూచీకీ అసలు నష్టానికీ మధ్య ఉన్న ఈ తేడాను బేసిస్ రిస్క్ అంటారు. ముష్ఫిక్ మొబారక్, మార్క్ రోజెన్‌జ్వైగ్ ఆంధ్రప్రదేశ్ సహా మూడు రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో వర్షమాపకం దూరమయ్యేకొద్దీ బీమాకు డిమాండు తగ్గింది. చుట్టాలు, కులస్థులు ఒకరినొకరు ఆదుకునేచోట ఈ తగ్గుదల అంతగా లేదు. చెల్లింపు అందని చిన్న నష్టాలను అక్కడ సొంత మనుషులు పూడుస్తారు.

మొత్తం మీద, సూచీ బీమా కంపెనీకి ఉన్న సమాచార సమస్యను పరిష్కరించింది, కాని రైతు మీద కొత్త నష్టభయాన్ని మోపింది.

9.6 నియంత్రణ: ఏం చేయగలదు?

మన దేశంలో జీవిత బీమాను 1956లో, సాధారణ బీమాను 1972 చట్టం ద్వారా జాతీయం చేశారు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు మళ్లీ అవకాశం ఇచ్చి, భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. దీని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఈ సంస్థ చేసే పనులను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది, మాట నిలబెట్టించడం. ప్రతి కంపెనీ అవసరమైన సాల్వెన్సీ మార్జిన్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం, నిలిపి ఉంచాలి. కరవు ఏడాది అందరూ ఒకేసారి అడిగినా కంపెనీ చేతులెత్తేయకుండా ఉండటానికి ఇది. రెండవది, వివాదాలను తీర్చడం. క్లెయిము మీద అసంతృప్తి ఉన్న వ్యక్తిగత పాలసీదారులు రుసుము లేకుండా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మూడవది, బీమాను పల్లెకు చేర్చడం. వ్యాపారంలో కొంత భాగం గ్రామీణ, సామాజిక రంగాల్లో చేయాలన్న నిబంధనలు, 2005 నాటి సూక్ష్మబీమా నిబంధనలు ఇందుకోసం వచ్చాయి.

ఇప్పుడు వీటిని మన ఉదాహరణకు అన్వయించండి. కంపెనీ దగ్గర నిధులున్నాయి, పాలసీలో రాసినదాన్ని అక్షరాలా పాటించింది, పల్లెకు వెళ్లి అమ్మింది కూడా. అయినా చేను ఎండిన రైతుకు ఏమీ దక్కలేదు. ఏ నిబంధనా ఉల్లంఘనకు గురికాలేదు! అమలు సరిగా ఉందా అని మాత్రమే చూసే నియంత్రణ ఇక్కడ చాలదు. ఒప్పందం నష్టానికి తగినట్లు ఉందా, వర్షమాపకం ఎంత దూరంలో ఉంది, గత ఇరవై ముప్పై ఏళ్లలో ఈ పాలసీ ఎన్నిసార్లు చెల్లించి ఉండేది అన్న వివరాలు కొనేవారికి ముందే తెలియాలి.

ధరకు చట్టంతో పరిమితి పెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. పరిమితి మరీ తక్కువైతే కంపెనీలు పల్లెలను వదిలిపోతాయి. అందుకే ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ప్రభుత్వం మరో దారి పట్టింది. 2016 ఖరీఫ్‌లో మొదలైన ఈ పథకంలో రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజ పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగిలిన ప్రీమియాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. ప్రధాన పంటలకు గ్రామం యూనిట్‌గా, పంట కోత ప్రయోగాల ద్వారా దిగుబడిని అంచనా వేస్తారు. దీనివల్ల బేసిస్ రిస్క్ తగ్గుతుంది. అయితే కోత ప్రయోగాలు ఆలస్యమైతే చెల్లింపులూ ఆలస్యమవుతాయి. పంట రుణం తీసుకున్నవారికి బీమా తప్పనిసరి అన్న నిబంధనను 2020 ఖరీఫ్ నుంచి తొలగించి, స్వచ్ఛందం చేశారు. నిర్బంధం ప్రతికూల ఎంపికను అరికడుతుంది గాని నమ్మకాన్ని పెంచదు.

9.7 సారాంశం

బీమా అంటే ముందు డబ్బు తీసుకుని తరవాత నెరవేర్చే వాగ్దానం. ప్రతికూల ఎంపిక, నైతిక విపత్తు కంపెనీ వైపు నుంచి కనిపించే సమస్యలు. వర్షపాత సూచీ వాటిని తగ్గించినా, నమ్మకం, నగదు కొరత, బేసిస్ రిస్క్ కొనుగోలుదారు వైపు మిగిలిపోయాయని మన జిల్లాల్లోని పరిశోధనలు చూపాయి. మంచి నియంత్రణ ఈ రెండు వైపులా చూడాలి. మీ ఇంట్లోగాని, ఊళ్లోగాని ఏదైనా బీమా పత్రం ఉంటే తీసి చూడండి. ఏ సందర్భంలో చెల్లిస్తారు, ఏ సందర్భంలో చెల్లించరు అన్నది ఒక పేజీలో రాయడానికి ప్రయత్నించండి. ఈ భాగానికి అంతకు మించిన అభ్యాసం లేదు.

9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వర్షపాత సూచీ బీమా ఏ సమస్యలను పరిష్కరించింది? ఏ సమస్యలను సృష్టించింది?
2. ఎక్కువగా భయపడేవారు బీమాను తక్కువగా కొన్నారన్న ఫలితాన్ని విశ్లేషించండి.

II. 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ప్రతికూల ఎంపికకూ నైతిక విపత్తుకూ తేడా ఏమిటి?
2. బేసిస్ రిస్క్‌ను ఉదాహరణతో వివరించండి.