రోమక పాలనలో లిసియా నగర సమాఖ్య

గ్రీకు నగర చరిత్రను ఆథెన్సు, స్పార్టాల కలహములతోడను, మాసిడోనియా విజయముతోడను ముగించుట వాడుకయైనది. రోమకుల యేలుబడిలో అట్టి నగరములు ఎట్లు మనినవో తెలియగోరువారికి లిసియా సమాఖ్యను మించిన ఉదాహరణము లేదు.

లిసియా నేటి తుర్కీ దేశపు నైరృతి తీరమున కొండలకును సముద్రమునకును నడుమనున్న చిన్న సీమ. అచటివారి పూర్వభాష గ్రీకు కాదు. కాలక్రమమున వారు గ్రీకు భాషను, నగర వ్యవస్థను స్వీకరించిరి. క్రీ. పూ. 188లో రోము ఈ సీమను రోడ్సు ద్వీపమువారికి అప్పగించెను. 167లో వారి చేతినుండి తప్పించి స్వతంత్రమని ప్రకటించెను.

సమాఖ్య నిర్మాణమును భూగోళ శాస్త్రకారుడగు స్ట్రాబో వివరించెను. ఓటు కలిగిన నగరములు 23. పెద్ద నగరమునకు మూడు ఓట్లు, మధ్యమమునకు రెండు, తక్కినవానికి ఒక్కొక్కటి. క్సాంథసు, పటరా, పినరా, ఒలింపసు, మైరా, ట్లోసు అను ఆఱును పెద్దవి. పన్నులును, ఇతర భారములును ఈ నిష్పత్తిలోనే పంచబడెడివి; న్యాయాధిపతుల ఎన్నికయు అట్లే. మూడు ఓట్లు గల నగరము భారమును గూడ ఆ మేరకే మోయవలెను. దాని న్యాయమంతయు ఈ నియమముననే యున్నది. 1748లో ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ ఉత్తమ సమాఖ్యకు లిసియానే ఆదర్శముగా చూపెను. అమెరికా రాజ్యాంగ వాదములలోను ఆ పేరు వినవచ్చెను.

అయితే స్ట్రాబో చెప్పిన మఱియొక మాటను మఱవరాదు. యుద్ధము, సంధి, మైత్రి అను విషయములను పూర్వము ఈ సభ చర్చించెడిదట. తన కాలమున అవి రోము వశమైనవట. అనగా ఆధునికులు మెచ్చిన సమాఖ్య అప్పటికే రోము నీడలో నున్నది.

క్రీ. శ. 43లో చక్రవర్తి క్లాడియసు, లోపలి కలహములలో రోము పౌరులు హతులైరను కారణముచే, లిసియాను రాష్ట్రముగా చేసికొనెను. సమాఖ్య మాత్రము రద్దు కాలేదు. 1993లో పటరాలో బయల్పడిన స్తంభ శాసనము నగరముల నడుమ దారుల దూరములను పేర్కొనుచు, లిసియనుల పక్షమున చక్రవర్తికి కృతజ్ఞత తెలుపును. స్వాతంత్ర్యము కోల్పోయినవారి కృతజ్ఞతను శాసనపు మాటగా గ్రహింపవలెను గాని మనసులోని మాటగా గాదు. ఏలయన 57లో ఆ లిసియనులే ఎప్రియసు మార్సెల్లసు అను రోమకాధికారి తమ సొమ్ము అపహరించెనని రోములో అభియోగము తెచ్చిరి. టాసిటసు వ్రాసినదానినిబట్టి అతని పలుకుబడియే గెలిచెను. అభియోక్తలలో కొందఱు నిరపరాధిని బాధించిరను నెపమున దేశబహిష్కృతులైరి.

రెండవ శతాబ్దినాటికి సమాఖ్య పని చాలవఱకు చక్రవర్తి పూజయు, ఉత్సవములును, దాతల సన్మానములును. రోడియాపొలిసు నగరపు ఒప్రమోవాసు అను ధనికుడు, సుమారు 141లో భూకంపము సంభవించినపుడు, అనేక నగరముల పునర్నిర్మాణమునకు ధనమిచ్చెను. అతని సమాధి మందిరపు గోడలపై సమాఖ్య తీర్మానములును, రాష్ట్రాధిపతుల లేఖలును, చక్రవర్తి ఉత్తరములును వరుసగా చెక్కబడియున్నవి. తన దాతను తాను గౌరవించుటకు సైతము సభ రాష్ట్రాధిపతి యనుమతి కోరిన సందర్భములు వానిలో కానవచ్చును.