నుదుటికి రాసిన పరిమళం

పడిశం పట్టిన పసివాడి రొమ్ము మీద తమలపాకు వెచ్చజేసి వేయడం మన ఇళ్లల్లో పాత అలవాటు. ఆకుకు ఆముదం రాసి, దీపం సెగకు చూపి, ముందు తమ చేతి మీద పెట్టి చూసుకుని మరీ వేస్తారు. తుని ప్రాంతంలో తమలపాకులకు కొదువ లేదు గనుక, మావైపు ఈ వైద్యానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఆకు నలిపితే ముక్కుకు తగిలే ఘాటు అందులోని సుగంధ తైలానిది. పంటినొప్పికి లవంగనూనె పెడితే తిమ్మిరెక్కించే యూజినాలే తమలపాకులోనూ వుంటుంది.

తైలమంటున్నాం గాని, నిజానికి ఇది తైలం కాదు. తిలల నుంచి వచ్చేది తైలం. నూనె అన్న మాటలోనూ నువ్వులే వున్నాయి. సుగంధ తైలానికి నువ్వులతో గాని, జిడ్డుతో గాని చుట్టరికం లేదు. కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి; కొంతసేపటికి ఎగిరిపోతుంది, మరక దాదాపు మిగలదు. ఎగిరే గుణం వల్ల ముక్కును చేరుతుంది, కొవ్వులో కరిగే గుణం వల్ల చర్మంలోకి దిగుతుంది. లావెండరు తైలం కలిపిన నూనెతో ఒళ్లు మర్దన చేస్తే, ఇరవై నిమిషాలకల్లా దాని అంశ రక్తంలో గరిష్ఠంగా కనబడి, గంటన్నరకు ఇంచుమించు మాయమైందని 1992లో ప్రకటించిన పరిశీలన ఒకటి వుంది.

ఈ విద్యను సీసాకెక్కించి దేశమంతటా తిప్పినవాడు మన తెలుగువాడే. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారంటారు. ఆ వ్యాపారం అండతోనే 1908లో, అదే బొంబాయిలో, ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలిసింది. తెలుగు వారపత్రికకూ తలనొప్పికీ బంధుత్వం ఇంత పాతదన్నమాట!

ఇంతకూ, అలాంటి మందు నుదుటికి రాయగానే చల్లగా వుంటుందేం? చర్మంలో చలిని పసిగట్టే నాడులున్నాయి. పిప్పరమెంటు పువ్వు వెళ్లి వాటి తలుపు తడుతుంది. చలి వేసిందని మెదడు నమ్ముతుంది. ఆ తలుపు ఆచూకీ 2002లో దొరికింది. కనుగొన్నవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు, వేడినీ స్పర్శనూ శరీరం ఎలా గ్రహిస్తుందో తేల్చిన పరిశోధనలకుగాను, 2021లో మరొకరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పడిశంలోనూ ఇదే మాయ: ముక్కు దిబ్బడ అలాగే వుంటుంది, గాలి మాత్రం ధారాళంగా ఆడుతున్నట్టు తోస్తుంది. అయితే మాయ అని కొట్టిపారేయడానికీ లేదు. పదిపాళ్ల పిప్పరమెంటు తైలం నుదుటికి రాస్తే మామూలు తలనొప్పి పారాసిటమాల్‌తో సమానంగా తగ్గిందని 1996లో జర్మనీ వైద్యులు ప్రకటించారు.

మనసు సంగతి వేరు. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలూ భావాలూ కాపురముండే చోటికి దగ్గరిదారిన పోతుంది. పైగా రాసే చేయి ఒకటుంది కదా! అమ్మ పక్కన కూర్చుని కణతలు నొక్కుతూ వుంటే కలిగే హాయిలో తైలం పాలెంత, చేతి పాలెంత? మా ఊరి పేరుతో వినిపించే తునితగవు చెప్పి, చెరిసగం అనవలసిందే.

చిక్కల్లా పసివాళ్ల దగ్గర వస్తున్నది. తమలపాకు వేసిన చోట ఇప్పుడు సీసా మందు రాస్తున్నారు. ఆకులోని తైలం రవంత. సీసాలోది బండెడు ఆకుల సారం. కర్పూరం, పిప్పరమెంటు పువ్వు వున్న మందులు రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు. ముక్కు దగ్గర బొత్తిగా పనికిరాదు, ఊపిరి పట్టేయవచ్చు. కర్పూరతైలం ఒక్క చెంచాడు కడుపులోకి పోతే ఫిట్లు వస్తాయి. కీళ్లనొప్పులకు వాడే వింటర్‌గ్రీన్ తైలం చెంచాడు, ఇరవై ఆస్పిరిన్ మాత్రల పెట్టు.

పెద్దవాళ్లయినా అచ్చపు తైలం ఒంటికి తగిలించకండి. చెంచాడు కొబ్బరినూనెలో రెండు చుక్కలు చాలు. నిమ్మతొక్క తైలం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. సీసాలు పిల్లలకు అందని అటక మీద వుంచండి. ఒకవేళ ఎవరైనా తాగితే వాంతి చేయించబోకుండా, సీసాతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.