మరపడవల్లో డీజిల్ ఇంజను: వేగానికీ ఇంధనానికీ మధ్య లెక్క

సత్తెనపల్లి: నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టు రైతులకు డీజిల్ ఇంజను చిరపరిచితమే. నీరు తోడే ఆయిల్ ఇంజనైనా, దుక్కి దున్నే ట్రాక్టరైనా దాని స్వభావం వారికి తెలుసు. 2022 ఏప్రిల్ వరకు సత్తెనపల్లితో పాటు గుంటూరు జిల్లాలోనే ఉండి, ప్రస్తుతం బాపట్ల జిల్లాలో చేరిన నిజాంపట్నం చేపల రేవులో ఇదే ఇంజను పడవ గర్భంలో అమర్చబడి వేరొక లెక్కకు లోబడి పనిచేస్తుంది.

తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు గల జలాలు సంప్రదాయ పడవలకు కేటాయించినందున మరపడవలు అంతకు ఆవలే వేట సాగించాలి. దూరం పెరిగిన కొద్దీ డీజిల్ ఖర్చే వేట లాభనష్టాలను నిర్ణయిస్తుంది. నీటిని చీల్చుకుంటూ సాగే పడవకు కావలసిన శక్తి, వేగంతో సమానంగా గాక దాదాపు దాని ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. ఒక హార్స్‌పవర్ గంటసేపు పనిచేయడానికి సుమారు 0.2 లీటరు డీజిల్ కావాలి. 100 హార్స్‌పవర్‌తో 9 నాట్ల వేగాన 72 నాటికల్ మైళ్లు రావడానికి 8 గంటలు, 160 లీటర్లు పడుతుంది. అదే పడవను 8 నాట్లకు తగ్గిస్తే 70 హార్స్‌పవర్ చాలు. 9 గంటల్లో 126 లీటర్లతో రేవు చేరుతుంది. ఒక గంట ఆలస్యానికి 34 లీటర్లు మిగులుతాయి. నీటిరేఖ వద్ద 14 మీటర్ల పొడవున్న పడవకు 9 నాట్లే దాదాపు సహజ పరిమితి. ఆపైన ఎంత పెద్ద ఇంజను బిగించినా అది అలలను లేపుతుందే గాని పడవను ముందుకు నెట్టదు.

అయితే పెద్ద ఇంజను వృథా అనడానికి వీలులేదు. ట్రాల్ వల లాగేటప్పుడు పడవ 3 నాట్ల లోపే కదులుతుంది. అప్పుడు కావలసినది వేగం కాదు, లాగుడు బలం. ట్రాక్టరుకు దుక్కికి ఒక గేరు, రోడ్డుకు ఒక గేరు ఉంటాయి. పడవకు ముందుకు పోవడానికి సాధారణంగా ఒకే గేరు, ఒకే ఫ్యాను. వల లాగడానికి అనువైన ఫ్యాను ఖాళీ ప్రయాణంలో చాలదు. ప్రయాణానికి కుదిరినది వల వద్ద ఇంజనును ఉక్కిరిబిక్కిరి చేసి నల్లపొగ వదిలిస్తుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఇంధనం ఆదా చేస్తుంది కాని, ఇసుక మేటలు వేసే మొగల వద్ద అది అడుగున తగిలే ప్రమాదముంది.

అదుపు విషయంలోనూ ఇటువంటి ఇబ్బందులే. పడవ అడుగున ఇంజను బరువు ఉండటం స్థిరత్వానికి మంచిది. కాని బయట బిగించే మోటారు వలె ఇంజనునే తిప్పి మలుపు తీసుకోవడం కుదరదు. ఫ్యాను నెట్టే నీరు తాకితేనే చుక్కాని బాగా పలుకుతుంది. వెనుకకు నడిపేటప్పుడు చుక్కాని మాట వినదు, వెనుక భాగం ఒక ప్రక్కకు జారుతుంది. ఇరుకు జెట్టీల వద్ద సరంగు అనుభవమే ఆధారం. గర్భంలో ఉండవలసిన చేపను, ఐసును డెక్కుపై పేర్చితే గురుత్వ కేంద్రం పైకి లేచి, ఇంజను ఇచ్చిన స్థిరత్వం కాస్తా పోతుంది.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో సముద్రంపై ఉన్న మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. 72 మైళ్ల దూరాన ఉన్న పడవ, ఎంత శక్తి గల ఇంజనున్నా, ప్రశాంత సముద్రంలోనే ఒడ్డు చేరడానికి 8 గంటలు తీసుకుంటుంది. కనుక హెచ్చరిక అందిన వెంటనే బయలుదేరడం, తిరుగు ప్రయాణానికి సరిపడా డీజిల్‌ను వేటలో ఖర్చు చేయకుండా ఉంచడం తప్పనిసరి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధం మరమ్మతులకు అనువైన కాలం. అడుగున పట్టిన నాచును, గుల్లలను గీకించి, ఫ్యాను అంచులను, షాఫ్టు వరుసను సరిచూపించుకున్న పడవ అదే ఇంజనుతో తక్కువ డీజిల్‌కే నడుస్తుంది.